గాజు నూగు

పాప ఏడుపు మళ్లీ మొదలయ్యేసరికి మేస్త్రి గుండె ఝల్లుమంది. పొద్దుట్నుంచీ ఇదే వరస. ఉన్నట్టుండి కెవ్వుమంటుంది, కాళ్లు రెండూ పొట్టలోకి ముడుచుకుంటుంది, ముఖం పాలిపోతుంది. కాసేపటికి ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ కెవ్వు.

"గ్యాసు పట్టింది బాబూ, అంతే. దీని తల్లి చిన్నప్పుడు వీధి వీధంతా లేచేలా ఏడ్చేది," అంది అత్తగారు. ఆవిడ లెక్కలో లోకంలోని జబ్బులన్నిటికీ గ్యాసే మూలం. మొన్న ఫ్రిజ్జు మొరాయించినా అదే మాట అంది.

మేస్త్రికి నవ్వు రాలేదు. ఈ జబ్బుకి మూలం ఎవరో అతనికి తెలుసు. తనే.

అతను పనిచేసేది ఫైబర్ గ్లాసు పడవలు చేసే షెడ్డులో. గట్టిపడిన పడవ ఒంటిని గరుకు కాగితంతో రుద్ది, ఎక్కడా మెరుపన్నది లేకుండా చెయ్యడం అతని పని. నున్నగా వదిలేస్తే పై పూత పట్టదు, నాలుగు రోజులకే పొరలు పొరలుగా లేచిపోతుంది. అలా రుద్దినప్పుడు రేగే గాజు నూగు కంటికి ఆనదు గానీ, ఒంటికి అంటిందంటే దురద ప్రాణం తోడేస్తుంది. అందుకే ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. పని బట్టలు బయటే విప్పి, చన్నీళ్లు పోసుకున్నాకే పాపని ముట్టుకోవాలి.

నిన్న సాయంత్రం అతను తలుపు తియ్యగానే ఏడు నెలల బుడంకాయ దోగాడుకుంటూ ఎదురొచ్చి చేతులు చాచింది. ఇంట్లోవాళ్లెవరూ చూడ్డం లేదు. ఒక్క క్షణమే కదా అని ఎత్తుకున్నాడు. ఆ పిల్ల అతని చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని చీకింది కూడా.

ఆ గుండీనిండా నూగే. ఆ నూగు పాప పేగుల్ని గీకేస్తోందని అతని నమ్మకం. ఆస్పత్రికి వెళ్తే ఏం మింగిందని అడుగుతారు. ఏమని చెప్తాడు? భార్య ముఖం ఎలా చూస్తాడు? నీళ్లు పడితే కడుక్కుపోతుందేమోనని చాటుగా చెంచాతో పట్టాడు. పాప ఆ నీళ్లని పచ్చగా కక్కేసింది. దుప్పట్లు ఉతికాడు, నేలంతా తడిగుడ్డతో తుడిచాడు, చొక్కా బకెట్లో ముంచాడు. అల్లుడు ఇంత పని చేస్తుంటే ఎవరికైనా అనుమానం రావాలి. అత్తగారికి మాత్రం ముచ్చటేసింది. భార్య ఇటు చూడనేలేదు. వంటింట్లో ఏదో తోముతూనే ఉంది.

మధ్యాహ్నానికి పాప ఏడవడం మానేసింది. ఎత్తుకుంటే మెడ వాల్చేసింది. గుడ్డ మార్చబోయిన అత్తగారు "అమ్మో!" అని కూలబడింది. గుడ్డనిండా నెత్తురు కలిసిన ఎర్రటి జిగురు. ఈసారి ఆవిడ నోట గ్యాసు మాట రాలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పొట్ట తడిమి, స్కాన్ చేసి చూసింది.

"పేగులోకి పేగు దూరిందండీ. చొక్కా చెయ్యి లోపలికి మడతపడుతుందే, అలాగ. దారి మూసుకుపోయింది. కిందనుంచి గాలి ఎక్కించి వెనక్కి నెట్టి చూస్తాం. రాకపోతే ఆపరేషనే. ఎప్పట్నుంచి ఏడుస్తోంది?"

"పొద్దుట్నుంచండీ," అన్నాడు మేస్త్రి.

"ఇంతసేపూ ఏం చేస్తున్నారు మరి?"

పాపని లోపలికి తీసుకెళ్లి తలుపు వేశారు. అత్తగారు బల్లమీద కళ్లు మూసుకుని కూర్చుంది. మేస్త్రి ఇక దాచలేకపోయాడు. భార్యని పక్కకి పిలిచి గుండీ సంగతి చెప్పేశాడు. చెంప పగలగొడుతుందనే అనుకున్నాడు.

"మీ వల్ల కాదు, నా వల్ల," అంది భార్య. "నిన్న నా కంచంలోంచి కారం కూర ముద్ద పెట్టాను. చప్పరిస్తుంటే ముచ్చటేసింది. అమ్మకి తెలిస్తే చంపేస్తుందని పొద్దుట్నుంచీ ఆ కంచమే తోముతున్నాను."

తప్పు దాచడంలో ఇద్దరూ ఇద్దరే. ఎవరో ఒకరు పొద్దున్నే నోరు విప్పి ఉంటే ఎప్పుడో ఇక్కడికి వచ్చి ఉండేవాళ్లు. ఆ సంగతి ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. మూసిన తలుపు వైపు కన్నెత్తి చూడలేకపోయారు.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"పేగు విడివడింది. ఇంకాస్త ఆలస్యం చేసుంటే కొయ్యాల్సి వచ్చేది."

భార్య నేలమీదే కూర్చుని భోరుమంది. మేస్త్రి నూగు సంగతీ కూర సంగతీ గబగబా చెప్పేశాడు. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"రెండూ కాదండీ. ఈ వయసు పిల్లలకి ఒక్కోసారి ఇలా అవుతుంది. చాలామందిలో కారణం దొరకదు. మళ్లీ రావచ్చు కూడా, కనిపెట్టుకుని ఉండండి."

ఆ మాటతో మేస్త్రి మనసు తేలికపడాలి. పడలేదు. తన తప్పే అయితే పదిసార్లు స్నానం చేసేవాడు, పనే మానేసేవాడు. ఎవరి తప్పూ కానిదాన్ని ఎలా ఆపాలో అతనికి అంతుపట్టలేదు.

లోపల పాప ఏడ్చింది. ఇద్దరూ ఒక్క పరుగున తలుపు దగ్గరికి వెళ్లి చెవి ఆనించారు. ఏడుపు ఆగినా భయమే, ఆగకపోయినా భయమే.

"ఆకలమ్మా, ఆకలి," అని నర్సు తల బయటికి పెట్టి చెప్పి, మళ్లీ తలుపు వేసుకుంది.

భార్య అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మళ్లీ వస్తే తప్పెవరిదైనా సరే, ముందు ఇక్కడికి తీసుకొద్దాం."

అతను తల ఊపాడు. చెవి మాత్రం తలుపుకే ఆనించి ఉంచాడు.