ఎర్రన్నోల్ల ఇల్లు

ఊళ్ళో మూడొంతుల ఇళ్ళు గేదెలవారివే. అందరికీ ఒకటే ఇంటిపేరైతే ఇక అది దేనికి గుర్తు? అందుకే జనం ఒక్కో ఇంటిని తండ్రి పేరుతోనో తాత పేరుతోనో పిలుస్తారు. సూరన్నోళ్ళు, పోలయ్యోళ్ళు, అలాగ.

గేదెల నరసింగరావుది ఎర్రన్నోళ్ళ ఇల్లు. ఎర్రన్న ఆయన తండ్రి కాదు, అన్న. తండ్రి పోయేనాటికి నరసింగరావుకి నాలుగేళ్ళు. అన్న నాగలి పట్టి తమ్ముణ్ణి చదివించాడు. తమ్ముడు రెవెన్యూలో ముప్పయ్యేళ్ళు చేసి రిటైరయ్యాడు. వేలిముద్ర వేసే అన్న చనిపోయి పదేళ్ళయినా ఊరి నోట్లో బతికే ఉన్నాడు. నరసింగరావు కడుపుమంట అదే.

మొన్న విజయనగరం నుంచి ఎర్రన్న కొడుకు దేవేంద్ర వచ్చి, తన కూతురి పెళ్ళికార్డు ఇచ్చాడు. పైన బంగారు రంగులో ‘ఎర్రన్నవారి పెళ్ళిపిలుపు’.

“గేదెలోరని ఎయ్యకూడదేట్రా?”

“ఏస్తే ఏ గేదెలోరో ఎవులికి తెలుస్తాది సిన్నాన్నా?”

అంటే అన్న అచ్చుకి కూడా ఎక్కేశాడు. రేపు తన మనవలూ ఆ పేరే మోస్తారు. మర్నాడే నరసింగరావు శృంగవరపుకోట వెళ్ళి, నల్లరాయి పలక మీద ‘నరసింగరావు నిలయం’ అని చెక్కమని చెప్పి వచ్చాడు. గేటు స్తంభంలో దానికి గూడు కొట్టించాడు.

“సచ్చిపోయినోడి మీద ఏడుపేటి?” అంది భార్య నారాయణమ్మ.

“నీకు తెలీదు, ఊరుకో.”

“నాకెందుకు తెలీదు? కాపరానికొచ్చిన్నాడు ఊరంతా నన్ను ఎర్రన్నోల్ల కోడలన్నారు. ఒక్కలూ మరదలనలేదు.”

ఆయన గూడు కొలత చూసుకోడానికి గేటు దగ్గరకి వెళ్ళాడు.

పలక వచ్చే రోజు పొద్దున్నించీ గేటు దగ్గరే నిలబడ్డాడు. పదకొండింటికి ఆటో అతను ఫోన్ చేశాడు.

“పాలకేంద్రం కాడున్నాను సార్. గేదెల నరసింగరావంటే ముగ్గురిల్లు సూపించినారు. మూడూ మీయి కావు.”

“రెవెన్యూలో సేసిన నరసింగరావని అడుగు.”

“ఆల్లూ ఇద్దరున్నారంట. రాయి మీద పేరు సూపించినా ఎవులికీ తెలీలేదు. ఇంకేటన్నా గుర్తు సెప్పండి, లేపోతే ఎనక్కి తీసుకెలిపోతాను.”

నరసింగరావు ఖాళీ గూడు వైపు చూశాడు. అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న నారాయణమ్మ తల ఎత్తలేదు. ఆయన ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, గొంతు తగ్గించాడు.

“ఎర్రన్నోల్ల ఇల్లేదని అడుగు.”

ఫోనులోంచే అవతల ఎవరో అనడం వినిపించింది.

“ఆ మాట ముందే సెప్పాల కదా. అదిగో, ఆ మలుపు తిరిగితే నీలం గేటు. పొద్దున్నించీ గేటుకాడ నిలబడున్నాయన ఎర్రన్న తమ్ముడే.”