వత్తుకు చోటు

మా గృహప్రవేశం ఫ్లెక్సీ మీద నా పేరు "ఈశరి" అని పడింది. విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తుంటే ఇవాళ మళ్లీ అదే గుర్తొచ్చింది. బొటనవేలు మంటపుడుతోంది, కాయలింకా అర మూట ఉన్నాయి, ఆ ఫ్లెక్సీ ఏమో అయిదేళ్ల నాటిది. అయినా మర్చిపోలేను. ఉరవకొండలో ఫ్లెక్సీల షాపు మా ఆయన తిప్పేష్‌దే, ఆ పేర్లు కొట్టిందీ ఆయనే. "కింద లైనుకు తగుల్తాండె. వత్తు తీసేసినా. ఎవురు చూస్తారు లే," అన్నాడు. నేను చూశాను. ఆయన పేరులోనూ ఒక వత్తుంది, ప కింద ప. అది ఏ ఫ్లెక్సీలోనూ ఎగిరిపోలేదు.

వంటా, అంట్లూ, షాపులో తప్పులు దిద్దడం అయ్యాక నేను మేడమీది గదికి వెళ్తాను. అక్కడ నేనూ కృపాకుమారీ తెలుగు ఫాంట్లు తయారుచేస్తాం. కృప ఒకప్పుడు బడిలో కంప్యూటర్ టీచరు. నేను గీసేదాన్ని, కోడ్ రాయడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. "పైకి పోయి గీతలు గీసుకుంటాంటాది, కూరలో ఉప్పు మరిచిపోతాది," అంటుంది మా అత్త నాగరత్నమ్మ.

కింద చోటు చాలకపోతే వత్తును నొక్కి చిన్నది చేయడం అందరికీ అలవాటు. మేమూ ఏడాదిపాటు అదే చేశాం. ఆ నలిగిన వత్తుల్ని చూస్తే, అందరూ తిన్నాక గడప పక్కన ముడుచుకుని తినే నేనే కనిపించేదాన్ని. ఒళ్లు మండింది. నాలుగు నెలల కింద కోడ్ మొత్తం తిరగరాశాను. ఇప్పుడు వత్తు తగ్గదు. పై అక్షరమే కాస్త ఒదిగి పైకి జరుగుతుంది. ఆ ఫాంటును బెంగళూరులో పిల్లల పుస్తకాలు వేసే ఒక సంస్థకు పంపాం.

"అక్కా, తీసుకున్నారు!" మెట్ల మీంచి కృప కేక. "బెంగళూరోళ్లు! పిల్లోళ్ల పుస్తకాలన్నీ మన అక్షరాల్లోనే ఏస్తారంట!"

చాట పక్కన పడేసి పరుగెత్తాను. కాయలు ఇల్లంతా దొర్లాయి, దొర్లనీ. తయారుచేసినవారి పేరు మా ఫాంటులోనే కొట్టి పంపమన్నారట. మెట్ల పక్కనే ఉన్న మా ఆయన కేక విని, నాకంటే ముందే పైకెక్కి నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"షాపు నా పేర్న ఉండాది, కరెంటు నాది. నా పేరు కొట్టు. నీది కింద చిన్నగా ఏద్దాంలే."

నిలబడే కీబోర్డు నా వైపు లాక్కున్నాను. ఈశ్వరి, కృపాకుమారి అని కొట్టాను. తెర మీద శ పైకి జరిగింది. దాని కింద వ వత్తు నిండుగా, దర్జాగా కూర్చుంది. సంతోషంతో ఏడుపొచ్చేసింది.

ఆయన తెరలోకి వంగి చూశాడు. "ఆ పైది ఎందుకుమే జరిగె?"

"కిందదానికి చోటు కావాలంటే పైది జరగాల. ఆ రూలు రాసింది నేనే," అన్నాను. "లెయ్, అది నా కుర్చీ."