గాలి బెజ్జాలు మూసెయ్యండి

కోళ్లక్క తన రాతను మొదటిసారి ఇంటర్నెట్లో వేరేవాళ్ల ఫోటో కింద చూసినప్పుడు ఆమెకు కోపం రాలేదు. అచ్చం తనలాగే ఆలోచించే మనిషి ఇంకొకరు ఉన్నారే అని ముచ్చటేసింది. నాలుగు వాక్యాలు చదివాక గానీ బుర్రకెక్కలేదు, ఆ మనిషి తనలాగా ఆలోచించలేదని, తను ఆలోచించిందాన్నే గంపతో సహా ఎత్తుకుపోయాడని.

కోళ్లక్క అనేది ఆమె బ్లాగు పేరు. ఇప్పుడు వీధిలోనూ అదే పేరుతో పిలుస్తున్నారు. కాలేజీలో చదివింది జంతుశాస్త్రం, పెళ్లయ్యాక చేస్తున్నది పెరట్లో నాటుకోళ్ల పెంపకం. పొదగేసిన గుడ్లన్నీ మురిగిపోయిన ఏడాది, ఎక్కడ దెబ్బతిన్నదో చెప్పే దిక్కులేక, తన తప్పులు తనే రాసుకోవడం మొదలుపెట్టింది. గుడ్ల మీద కూర్చున్న కోడి ఎందుకు లేచిపోతుంది, పిల్లలకు రెట్ట అంటుకుపోతే ఎలా కడగాలి, కరెంటు పోయినప్పుడు పొదిగే పెట్టె మీద ఏం కప్పాలి, అన్నీ ఇలాంటివే. ఎక్కడెక్కడి వాళ్లో చదివి, "అక్కా, మీరు చెప్పినట్టే చేశాను, అన్నీ పిల్లలయ్యాయి" అని రాసేవాళ్లు. ఆ మాట చదివిన పూట ఆమెకు ఆకలి గుర్తుండేది కాదు.

అత్తకు మాత్రం ఇదంతా గిట్టేది కాదు.

"కోళ్ల గురించి రాస్తే కోళ్లు చదువుతాయా ఏమే?" అనేది.

"కోళ్లు చదవక్కర్లేదు అత్తయ్యా. కోళ్లను పెంచేవాళ్లు చదువుతారు."

"వాళ్లు చదువుతూ కూచుంటే కోళ్లనెవరు పెంచుతారు మరి?"

ఆమె రాతలు ఎత్తుకుపోయిన సైటును నడిపేదెవరో తెలియదు. పైన మాత్రం కోటు తొడుక్కున్న ఒక మనిషి ఫోటో ఉంటుంది. చేతులు కట్టుకుని, జన్మలో కోడి కాళ్లు పట్టుకోనివాడి నవ్వొకటి నవ్వుతుంటాడు. ఫోన్లు రిపేరు చేసే షాపులో పనిచేసే ఆమె తమ్ముడు వాడికి కోటు సారు అని పేరు పెట్టాడు. అక్కకు బ్లాగు తెరిచిపెట్టింది ఆ తమ్ముడే కాబట్టి, దానికొచ్చిన జబ్బును కూడా వాడే చూడాల్సొచ్చింది.

"మనిషి చేసే పని కాదక్కా ఇది. ప్రోగ్రాముకి అప్పజెప్పారు. నువ్విక్కడ పెట్టడం పాపం, అది అక్కడ గుటుక్కున మింగేస్తుంది. నీ పేరు తీసేస్తుంది, నీ కోళ్ల ముద్దుపేర్లు పీకేస్తుంది, పనికొచ్చే ముక్క మాత్రం ఉంచుకుంటుంది."

"అంటే ముళ్లు తీసుకుని తింటుందన్నమాట."

"నీకంటే శుభ్రంగా తింటుంది."

ఒళ్లు మండి ఆమె 'నా రాతలు దొంగిలిస్తున్నారు' అని ఒక పోస్టు రాసింది. అదీ మింగుడుపడింది. సాయంత్రానికల్లా కోటు సారు ఫోటో కింద, తన రాతలెవరో దొంగిలిస్తున్నారని కోటు సారే వాపోతున్నాడు. కింద జనం ఆయన్ని ఓదారుస్తున్నారు. "మీలాంటి పెద్దమనిషికి ఇదేం గతి సార్" అని ఒకాయన. తమ్ముడు పగలబడి నవ్వి, అక్క మొహం చూసి ఆపేశాడు.

నవ్వులాట అక్కడితో సరి. కోళ్ల గురించి వెతికిన ప్రతివాడికీ ముందు కోటు సారే తగిలేవాడు. కోళ్లక్క ఎక్కడో అడుగున పడి ఉండేది. "అక్కా" అని రాసేవాళ్లు ఒక్కొక్కరే రాలిపోయారు. చివరికి ఒకామె, "ఆ సారు రాసినవన్నీ కాపీ కొట్టి పెట్టుకుంటున్నారు, కాస్త సిగ్గుండాలి" అని ఈమె బ్లాగులోకే వచ్చి రాసి వెళ్లింది. ఆ మాట గొంతులో ఎముక ముక్కలా అడ్డంపడింది. రాయబోయిన ప్రతిసారీ అదే గుచ్చుకునేది.

ఆ సైటుకు చోటిచ్చిన కంపెనీకి ఫిర్యాదు పెట్టారు. ముందు రాసింది మీరేనని రుజువేమిటని వాళ్లడిగారు. తారీఖులు చూపిద్దామంటే, కోటు సారు పేజీల మీద తారీఖులన్నీ వెనక్కి జరిపి ఉన్నాయి.

"ఒక పని చెయ్యక్కా," అన్నాడు తమ్ముడు. "ఒక అబద్ధం పెట్టు. పేర్లలో పెడితే పీకేస్తున్నారు కాబట్టి, పనికొచ్చే ముక్కలోనే పెట్టు. వాడి దగ్గర అది ఇంకా లేనప్పుడు ఒకసారి, వాడు మింగగానే ఒకసారి రెండు పేజీలనూ ఫోటో తీసుకుందాం. తర్వాత నీది నువ్వు దిద్దేసుకో, వాడిది అలాగే పడుంటుంది. బుర్రున్నవాడెవడూ రాయని తప్పు రెండుచోట్లా అవే మాటల్లో ఎలా పుట్టిందయ్యా అని నిలదీద్దాం."

ఏ తప్పు పెట్టాలా అని ఆమె చాలా ఆలోచించింది. మందుల కొలత జోలికి పోలేదు. వేడి జోలికీ పోలేదు. తిరిగి తిరిగి గాలి బెజ్జాల దగ్గర ఆగింది. పొదిగే పెట్టెకు పక్కల బెజ్జాలుంటాయి. గుడ్లు చిట్లే రోజులు దగ్గరపడేకొద్దీ వాటిని బార్లా తెరవాలి, ఎందుకంటే అప్పటికి పెంకు లోపల పిల్లలు ఊపిరి పీల్చడం మొదలుపెడతాయి. ఆమె ఇలా రాసింది: 'చివరి మూడు రోజులూ లోపలి తడి ఆరిపోకుండా గాలి బెజ్జాలు పూర్తిగా మూసెయ్యండి.' రాసి, తనే నవ్వుకుంది. కోడిని చూసిన మనిషెవరైనా ఇది చదివి ఫక్కుమంటారు, ఊపిరాడక చస్తాయి కదా అంటారు అనుకుంది. ఆ సంగతి ఆమెకు ఎంతగా ఒంటబట్టిపోయిందంటే, తెలియనివాళ్లు కూడా ఉంటారని తట్టలేదు. చదవడానికి వచ్చేది తెలియనివాళ్లేనని అసలే తట్టలేదు.

అనుకున్నట్టే కోటు సారు మింగాడు. ఫోటోలు తీశారు. ఆమె తన పేజీ దిద్దుకుంది, ఫోటోలు కంపెనీకి పంపారు. కొన్నాళ్లకు కంపెనీ నుంచి జవాబొచ్చింది. ఇకమీదట మీ బ్లాగు నుంచి ఏదీ తీసుకోకుండా ఆ సైటువారు ఏర్పాటు చేసుకున్నారు. ఇప్పటికే ఉన్నవాటి సంగతి మీలో మీరు తేల్చుకోవలసింది, అని.

"సగం గెలిచాం," అన్నాడు తమ్ముడు.

ఆ రోజు ఆమె ఒక చిన్న పోస్టు పెట్టి, కోటు సారు పేజీ తెరిచి కూర్చుంది. పొద్దు వాలినా అది అక్కడికి రాలేదు. తన మాట తన దగ్గరే ఉంది. మేత వేస్తూ కూనిరాగం తీస్తుంటే అత్త కూడా, "ఏమే, కోళ్లు బంగారు గుడ్లేమైనా పెట్టాయా?" అంది.

దర్జీ వచ్చింది ఆ తర్వాతే.

నాలుగు వీధులవతల బట్టలు కుట్టే పెద్దాయన. చూపు మందగించి సూదిలోకి దారం ఎక్కించలేని స్థితికొచ్చాక, కుట్టుమిషను అమ్మేసి పొదిగే పెట్టె కొనుక్కున్నాడు. పొదగేసుకునే గుడ్లు కావాలని వచ్చి, గట్టు మీద కూర్చున్నాడు.

"మొదటి విడత బయట కొన్నానమ్మా. మోసపోయాను. ఈసారి మీ దగ్గర మంచివి చూసివ్వండి."

"మురిగిపోయాయా బాబాయ్?" ఆమె గంపలోంచి గుడ్లు ఏరుతూ అడిగింది.

"మురిగిపోతే ఇంత బాధ లేదు. పగలగొట్టి చూశాను. లోపల అన్నీ తయారై ఉన్నాయి, నూగుతో సహా. కొన్నయితే ముక్కు పెంకు దాకా తెచ్చుకుని ఆగిపోయాయి. మా ఆవిడ చూడలేక ఇంట్లోకి వెళ్లిపోయింది."

ఆమె చేయి గంపలోనే ఆగింది. "గాలి బెజ్జాలు తెరిచావా?"

"తెరవడమేంటమ్మా, మూసెయ్యమన్నారు కదా. పేలికలు కుక్కి మరీ మూశాను. కుట్టేవాడి చేయి కదా, సందు మిగలనివ్వలేదు."

ఎవరు మూసెయ్యమన్నారని ఆమె అడగలేదు. ఆయనే ఫోను తీసి, అక్షరాలు పెద్దవి చేసి, దూరంగా పట్టుకుని చూపించాడు. కోటు సారు చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు.

"అది తప్పు బాబాయ్. తెరవాలి. మూస్తే ఊపిరాడదు."

దర్జీ మర్యాదగా నవ్వాడు. "మీరు కోళ్లు పెంచినవాళ్లే, కాదనను. కానీ ఈయన చదువుకున్నాయన. ఇంతమంది చూస్తున్నారు. తప్పుంటే ఎవరో ఒకరు చెప్పరా?"

"నేను చెబుతున్నాను కదా."

"గుడ్లదేనమ్మా తప్పు. నా రాత."

గుడ్లిచ్చి పంపేస్తే సరిపోయేది. ఈసారి బెజ్జాలు తెరిచి చూడు బాబాయ్ అంటే, వింటే వినేవాడు. కానీ ఆయన నా రాత అంటూ నుదురు చూపించుకునేసరికి ఆమెకు నోరు ఊరుకోలేదు.

"అది నీ రాత కాదు బాబాయ్. నేను రాసింది," అని మొత్తం చెప్పింది. కోటు సారు సంగతి, తమ్ముడి ఎత్తు, తను నవ్వుకున్న సంగతి కూడా.

దర్జీ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. అంతా విన్నాక, "తప్పని తెలిసే రాశారా?" అన్నాడు.

"వాణ్ని పట్టుకుందామని."

"వాడు కోళ్లు పెంచడు కదమ్మా. వాడికేం పోయింది?"

ఆమె ఏరి పెట్టిన గుడ్లు ఆయన ముందుకు జరిపింది. ఇవి తీసుకెళ్లు, ఏమీ ఇవ్వొద్దు, నేనే ఇంటికొచ్చి దగ్గరుండి చూసుకుంటానంది. ఆయన వాటిని ఒక్కొక్కటే తిరిగి గంపలో పెట్టాడు, పగలకుండా, జాగ్రత్తగా.

"వద్దమ్మా. ఇంకెవరి మాట నమ్మి పొదగెయ్యను?" అని లేచి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఆమె 'గాలి బెజ్జాలు మూయకండి' అని పోస్టు రాసింది. రాసి, కోటు సారు పేజీ తెరిచి ఎదురుచూసింది. ఏమీ రాలేదు. రాదు. రాకుండా తనే కదా పోరాడి ఆపించుకుంది. ఆ పేజీ కింద వ్యాఖ్య రాసింది. 'మీ వ్యాఖ్య పరిశీలనలో ఉంది' అని వచ్చింది. తమ్ముడి ఫోన్లోంచి రాసింది, అత్త ఫోన్లోంచి రాసింది, అన్నీ పరిశీలనలోనే ఉండిపోయాయి. బాగుంది సార్, ధన్యవాదాలు సార్ అన్నవి మాత్రం ఇట్టే పైకొచ్చి కూర్చుంటున్నాయి.

చివరికి ఆ సైటువాళ్లకే మెయిల్ రాయడానికి కూర్చుంది. తమ్ముడు పక్కనే నిలబడి చదివాడు. నా రాతలన్నీ మీరే వాడుకోండి, నా పేరు అక్కర్లేదు, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను, మళ్లీ నోరెత్తను, ఈ కొత్త పోస్టు ఒక్కటి కూడా తీసుకోండి, లేదంటే ఆ ఒక్క వాక్యం మార్చండి, అని రాసింది.

"అక్కా, దొంగ కాళ్లు పట్టుకుని దొంగతనం చెయ్యమంటున్నావు."

"అవునురా."

"ఇన్నాళ్లూ మనం పడింది ఇందుకా?"

"నువ్వు ఆ పిల్లల్ని చూడలేదు."

"నువ్వూ చూడలేదు కదే."

"నేను రోజూ చూస్తాను, పెంకు చీల్చుకుని బయటికి రావడం. రాకపోతే ఎలా ఉంటుందో నాకు ఎవరూ చూపించక్కర్లేదు," అంది.

తమ్ముడు తనే మెయిల్ పంపే మీట నొక్కాడు.

జవాబు వెంటనే వచ్చింది. అంత వేగంగా వచ్చిందంటే రాసింది మనిషి కాదని తెలుస్తూనే ఉంది. 'మా సైటులో సొంత రచనలు మాత్రమే ప్రచురిస్తాము. ఇతరుల రాతలు స్వీకరించము. మీ ఆసక్తికి ధన్యవాదాలు.'

ఆమె అది రెండుసార్లు చదివింది. తర్వాత కోటు సారు పేజీ తెరిచింది. అడుగున కొత్త వ్యాఖ్య ఒకటి ఉంది.

'సార్, మా ఆయన వద్దన్నా వినకుండా పొదిగే పెట్టె కొన్నాను. రేపటి నుంచి చివరి మూడు రోజులు. మీరు చెప్పినట్టే బెజ్జాలన్నీ మూసేసి పైన టేపు అంటిస్తున్నాను. అన్నీ పిల్లలవ్వాలని దీవించండి సార్.'

కోళ్లక్క రాసింది. అమ్మా, మూయకు. అంటించిన టేపు ఇప్పుడే పీకెయ్యి. ఇది రాసింది ఆ సారు కాదు, నేను.

వ్యాఖ్య పరిశీలనలో ఉందని వచ్చింది. ఆమె మళ్లీ రాసింది.