ఇరవై ఆరు డిగ్రీలు

ఎనిమిదేళ్లు గచ్చిబౌలిలో ఒక ఆఫీసు ఆరో అంతస్తు తుడిచాను. అక్కడ ఏసీ మీట మీద అద్దాల డబ్బా ఉండేది, దానికి తాళం. స్వెటర్ వేసుకుని తుడిచేదాన్ని. చలి ఎంతుండాలో ఎవరు నిర్ణయించేవారో నాకు ఎప్పుడూ తెలియలేదు. రిసెప్షన్‌లోని గాజు తొట్టెలో చేపలు ఆ చలికే ఒక్కొక్కటిగా చచ్చి తేలేవి. జాలిగంటెతో వాటిని తీసింది నేనే.

డిసెంబరులో ఆ అంతస్తు ఖాళీ చేశారు. తొట్టెలో ఒక్క ఏంజెల్ చేప మిగిలింది.

"దాన్ని బాత్రూంల పోసెయ్, రజితా. తొట్టె కావాల్నంటే తీస్కపో," అన్నాడు సూపర్‌వైజర్ మహేందర్.

పోయలేదు. మూత ఉన్న బకెట్లో చేపను, ఒళ్లో తొట్టెను పెట్టుకుని ఆటోలో మదీనాగూడలోని మా కిరాయి ఇంటికి తెచ్చాను.

రెండు రోజులు అది తొట్టె మూలన అడుగుకు అతుక్కుని ఉంది. తిండి ముట్టలేదు. చేతికి తగిలిన నీళ్లు బోరు నీళ్లలా చల్లగా ఉన్నాయి. వేడి కావాలన్నాను.

మా అత్త అంజమ్మ నవ్వింది. "చేపను వేణ్నీళ్లల్ల ఏస్తే దాన్ని పులుసంటరే పిల్లా."

"తానం నీళ్లు కాగబెట్టే రాడ్డున్నది గద, ఐదు నిమిషాలు పెట్టు," అన్నాడు నా భర్త ఓదెలు, క్యాబ్ తాళాలు వెతుక్కుంటూ.

"ఎక్కడ ఆగాల్నో ఆ రాడ్డుకు తెల్వది. చేప ఉడుకుతది, చెయ్యి పెట్టినోళ్లకు షాకు కొడ్తది," అన్నాను.

"ఒక్క చేప కోసం గింత పరేషానా?"

దాని మీద ప్రేమేమీ లేదు నాకు. చలికి చచ్చిన చేపను ఇంకొకదాన్ని జాలిగంటెలోకి ఎత్తను, అంతే.

చేపల దుకాణం వేణు ముందు తొట్టె కొలత అడిగాడు.

"బిందెతోని కొలిచిన. నలభై లీటర్లు."

"యాభై వాట్ల హీటర్ చాలక్కా. పెద్దది కొంటే జల్ది వేడైతదనుకోకు. అది ఆగుడు మర్చిందంటే చేప ఖతం. థర్మామీటర్ వేరేది పెట్టు, హీటర్ మీది అంకెను నమ్మకు. మొత్తం మునగాలె. మునిగినంక అర్ధగంట ఆగి ప్లగ్గు పెట్టు. తీసేటప్పుడు ముందు ప్లగ్గు పీకి చల్లారనియ్యి. ప్లగ్గు పీకకుండ నీళ్లల్ల చెయ్యి పెట్టకు."

ఇంటికి వచ్చి అలాగే చేశాను. వైరు మీద జారే నీళ్లు బోర్డులోకి పోకుండా వైరును బోర్డు కంటే కిందికి వేలాడదీసి మళ్లీ పైకి తెచ్చాను. హీటర్ తలమీద చిన్న చక్రం. రోజుకు కొంచెం చొప్పున తిప్పి ఇరవై ఆరు దగ్గర ఆపాను. ఆ చక్రం మీద నా వేలు కాసేపు అలాగే ఉండిపోయింది. దానికి తాళం లేదు.

నాలుగో రోజు చేప పైకి వచ్చి తిన్నది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వారం తర్వాత, మధ్యాహ్నం వేరే అంతస్తులోని డ్యూటీ నుంచి వచ్చేసరికి స్నానం రాడ్డు పక్కన మేకుకు హీటర్ వేలాడుతోంది. దాని ఎర్ర లైటు వెలుగుతోంది. అత్త తొట్టె గోడకు పట్టిన పాచి తోముతోంది.

మా ఇంట్లో రాడ్డుకు ఒకటే పద్ధతి. నీళ్లు కాగితే తీసి మేకుకు తగిలించాలి. ఎర్ర లైటు ఆరి ఉండటం చూసి, హీటర్ బంద్ అయిందనుకుని అత్త తీసింది. నీళ్లు తగినంత వెచ్చబడితే ఆ లైటు ఆరుతుంది, కరెంటు మాత్రం ఉంటుంది. గాలిలోకి రాగానే అది చల్లబడి మళ్లీ కాగడం మొదలుపెట్టింది.

నా అడుగుల చప్పుడుకు అత్త కంగారుగా దాన్ని అందుకుంది. "అమ్మో, కాలుతున్నది!" అంటూ నీళ్లలోకి వదిలేసింది. టప్పున గాజు పగిలింది. దాన్ని పైకి తీయాలని చెయ్యి ముంచబోయింది.

"అత్తమ్మా!"

ఉరికి గోడలోని ప్లగ్గు పీకేశాను. ఆమె వేళ్లు నీళ్లకు జానెడు దూరంలో ఆగాయి.

సాయంత్రం ఓదెలు విని అరిచాడు. "మా అమ్మ పానం పోతుండె! గా చేపను ఇప్పుడే చెరువుల పారేస్త."

"పారెయ్యవు."

"ఏందే?"

"పారెయ్యవన్న. చేప ఏం చేసింది? తప్పు నాది. ఎట్ల తియ్యాల్నో నాకొక్కదానికే తెలుసు. అత్తమ్మకు చెప్పలే."

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియనిది ఒకటి ఉండటం బాగుండింది. తాళం చెవి నడుముకు కట్టుకుని తిరిగినట్టు తిరిగాను. ఆరో అంతస్తులో నన్ను చలికి వదిలేసినవాళ్లకూ ఇలాగే బాగుండేదేమో.

"ఇగ నువ్వు దాన్ని ముట్టకే," అని తల్లికి చెప్పాడు ఓదెలు.

"ముడ్తది," అన్నాను. "కొత్త హీటర్ ఆమెనే పెడ్తది. నువ్వు అడ్డం రాకు."

ఆ రాత్రి తొట్టె చుట్టూ దుప్పటి చుట్టాను. మర్నాడు పొద్దున ఒక్క గాజు పెంకు లేకుండా నీళ్లు మార్చాను. ప్లాస్టిక్ తొడుగు ఉన్న కొత్త హీటర్ తెచ్చాను. ప్లగ్గుకు ఎర్ర దారం కట్టి అత్త చేతిలో పెట్టాను.

"లైటు ఆరినా నమ్మొద్దు అత్తమ్మా. గీ దారం నీ పిడికిట్ల ఉంటెనే నీళ్లల్ల చెయ్యి పెట్టాలె."

"సదువు రానోళ్లకు గిట్ల చెప్తే అర్థమైతది," అన్నది అత్త. ఎడమ పిడికిట్లో ప్లగ్గు బిగించి, కుడిచేత్తో హీటర్ను అడుగుదాకా ముంచింది. అర్ధగంట దాని ముందే కూర్చుంది.

ఓదెలు వచ్చి చక్రం తిప్పుదామని తొట్టెలోకి వంగాడు.

"ఏయ్! ప్లగ్గేది నీ చేతిల?" అని కసిరింది అత్త. "జరుగు. రజితను అడుగు, ఎంత పెట్టాల్నో."

అతను నా వైపు చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎంత?"

"ఇరవై ఆరు," అన్నాను.