ఉల్లంకి కాలి కడియం

నేను ఒక కడియాన్ని. మీ కాళ్ళకో చేతులకో పట్టేదాన్ని కాదు. మీ చిటికెన వేలి గోటి మీద పెట్టినా చుట్టూ చోటు మిగిలేంత చిన్నదాన్ని. వెండీ బంగారమూ కాదు, ఉత్త అల్యూమినియం. అయినా నా ఒంటి మీద ఒక సంఖ్య ఉంది, ఒక చిరునామా ఉంది. మీ నగల్లో ఒక్కదానికైనా చిరునామా ఉందేమో వెతుక్కోండి. నాకు కాస్త టెక్కు ఎక్కువని తోటి కడియాలు అనేవి. అననివ్వండి.

పల్చటి రేకును పట్టీలుగా కత్తిరించి, అంకెలు గుద్ది, అంచులు అరగదీసి, చివరికి నోరు తెరుచుకున్న గాజులా నన్ను వంచారు. ఒకే కొలత వాళ్ళందరినీ సంఖ్యల వరుసలో ఒక తీగకు గుచ్చారు. ముందున్నది ఎప్పుడు కదులుతుందో, మన వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. రేషన్ షాపు వరుసలో నిలబడ్డవాళ్ళకు నా బాధ చెప్పనక్కర్లేదు.

మా ఉద్యోగం చిత్రమైనది. మనుషులు పిట్టను పట్టుకుని, దాని కాలికి మమ్మల్ని తొడిగి వదిలేస్తారు. ఎక్కడో ఏ దేశంలోనో ఎవరికైనా ఆ పిట్ట దొరికితే, సంఖ్య చదివి మా చిరునామాకు కబురు పెడతారు. అది ఎంత దూరం వెళ్ళిందో అప్పుడు వీళ్ళకు తెలుస్తుంది. పిట్ట వెంట ఎగరలేరు కాబట్టి మమ్మల్ని తోలుతారన్నమాట.

నన్ను పులికాట్ సరస్సుకు తెచ్చేసరికి ఉగాది వెళ్ళిపోయింది. చలికాలమంతా అక్కడి బురదలో పురుగులు ఏరుకు తిన్న ఉల్లంకి పిట్టలు ఉత్తరానికి బయలుదేరే రోజులవి. పిడికెడు కూడా ఉండని ఆ పిట్టలు హిమాలయాలు దాటి, మంచు కరిగే నేల మీద గుడ్లు పెట్టడానికి పోతాయి. పోయే ముందు తిని తిని ఒళ్ళు చేస్తాయి. ఆ కొవ్వే వాటికి దారి బత్తెం. ఉల్లంకి కాలు దొరికితే మంచుదేశం చూడొచ్చని తీగ మీద మా అందరికీ ఒకటే ఆశ.

మమ్మల్ని తొడిగేది ప్రభుదాసు గారు. పిట్టల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో జీవితమంతా పనిచేసిన మనిషి. ఆ నెలాఖరుకు రిటైరవుతున్నారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న మునిలక్ష్మి పక్కనే ఉండేది. ముప్పై దాటిన మనిషి, మాట తక్కువ. పడవ నడిపి, బురదలో గడలు పాతి వలలు కట్టేది చెంగయ్య.

ప్రభుదాసు గారు పెట్టిన నియమం ఒకటి ఉంది. కడియం మూసినవాళ్ళు దాన్ని పరీక్షించకూడదు. రెండో మనిషి తన గోటిని కొసలు కలిసిన అతుకు మీద నడిపించాలి. గోరు జారిపోతే పిట్టను వదలొచ్చు. ఎక్కడైనా తగిలితే వదలకూడదు. తన చేతి తప్పు తన కంటికి కనపడదని ఆయన అనేవారు. ఎవరు మూసినా, ఆయనే మూసినా, అంతే.

ఆ రోజు ఆయనకు సరస్సు ఒడ్డునే సన్మానం. టార్పాలిన్ నీడలో నాలుగు కుర్చీలు వేశారు. అటవీశాఖ ఆఫీసరు గారు వచ్చారు. ఫోను పట్టుకుని ఒక కుర్ర ఫోటోగ్రాఫరు వచ్చాడు. ఎండ అప్పుడే చురుక్కుమంటుంటే ఆయనకు శాలువా కప్పారు. సన్మానం అంటే మనిషికి చెమట పట్టించడమే కాబోలు. రెండు మాటలు చెప్పమంటే ప్రభుదాసు గారు లేచారు.

"గొప్పలు చెప్పుకోను. నా చేత్తో వేసిన కడియంతో ఒక్క పిట్టకీ కాలు చెడలా. అంతే," అని కూర్చున్నారు.

మునిలక్ష్మి వలలో చిక్కిన ఉల్లంకిని విడిపించి గుడ్డసంచిలో తెచ్చింది. అది ఆయన వేసే ఆఖరి కడియం అని అందరికీ తెలుసు. పిట్టను చూసి ఆఫీసరు గారు, "ఇదా? నేను ఫ్లెమింగో అనుకున్నా," అన్నారు. తీగ మీద వంతు నాది.

నన్ను తీసిన వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. చూసేవాళ్ళకు కనపడదు గానీ, వేళ్ళ మధ్య ఉన్నదాన్ని నాకు తెలియదా! ఆ వణుకు దాచడానికే కాబోలు, ఆయన నన్ను ప్లయర్‌లో గట్టిగా బిగించి పట్టారు. పిట్ట మెడ ఎడమచేతి రెండు వేళ్ళ నడుమ, వీపు అరచేతిలో. కాలు నా నోట్లోకి వచ్చింది. అగ్గిపుల్ల కంటే సన్నం, వెచ్చగా ఉంది.

"సార్, ఒక్కసారి ఇటు చూడండి," అన్నాడు ఫోటోగ్రాఫరు.

ఆయన తలెత్తారు. చేయి నొక్కింది. నా రెండు కొసలు ఎదురెదురుగా కలవాల్సింది పోయి, ఒకటి రెండోదాని మీదికి ఎక్కింది. లోపలికి పోయిన కొస అంచు పిట్ట చర్మాన్ని పట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

కడియం అలా ఎక్కితే ఏమవుతుందో మీకు చెప్పాలి. ఆ రోజు ఏమీ కాదు. పిట్ట ఎగురుతుంది, ఫోటో బాగా వస్తుంది. దారిలో ఎక్కడో కాలు వాస్తుంది. వాచిన కాలికి కడియం ఇంకా బిగుస్తుంది. బురదలో నిలబడి బతికే పిట్టకు కాలు పోతే ఇక తిండి లేదు. అదంతా ఎవరూ చూడని చోట జరుగుతుంది.

"చూడు," అని ప్రభుదాసు గారు కాలిని మునిలక్ష్మి వైపు చాచారు.

ఆమె బొటనవేలి గోరు నా మీద నడిచింది. తగిలింది. ఆగి, మళ్ళీ నడిపింది. మళ్ళీ అక్కడే తగిలింది.

ఆమె పెదవుల మీదే ఉంది అంతా. బాగుందంటే నేను మంచుదేశానికి పోతాను, ఆయన మాట నిలుస్తుంది, శాలువా పరువు దక్కుతుంది. నాకు పోవాలనే ఉంది. ఎన్నాళ్ళు తీగకు వేలాడాను! కానీ నా కింద ఆ చిన్న కాలి నాడి కొట్టుకుంటోంది. నేను దాన్ని నొక్కుతున్నాను, వదలడం నా చేతుల్లో లేదు. నాకు భయం వేసింది.

"ఏం మునిలక్ష్మీ, బాగుండాదా?" అన్నారాయన. గొంతులో కాస్త తొందర.

ఆమె ఆయన ముఖంలోకి చూడలేకపోయింది. ఫోటోగ్రాఫరు ఫోను దించలేదు.

"లేదు సార్. గోరు తగల్తా ఉండాది."

ప్రభుదాసు గారి ముఖం మొదట ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. "ఇంకొకసారి చూడు," అన్నారు.

"రెండుసార్లు చూసినా సార్."

"పైకేం కనపడట్లేదు కదా మేడం, వదిలేయండి, వీడియో ఆన్‌లో ఉంది," అన్నాడు ఫోటోగ్రాఫరు.

ప్రభుదాసు గారు అతనివైపు చూడలేదు. భుజం మీది శాలువా తీసి కుర్చీలో పడేశారు. "దారం తియ్యి. తెరిచేది నువ్వే. నేను పట్టుకుంటా," అన్నారు మునిలక్ష్మితో. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. ప్లయర్ ఆమె చేతికి ఇస్తున్నప్పుడు వణుకు అందరికీ కనపడింది.

తొడగడం క్షణం పని, విప్పడం గండం. మునిలక్ష్మి సన్నటి గట్టి దారాన్ని నాకూ కాలికీ మధ్య సందులోంచి అటొకటి ఇటొకటి ఉచ్చులుగా దూర్చింది. రెండు వైపులా సమంగా లాగితే నేను విచ్చుకోవాలి. ఏ పక్క ఎక్కువైనా కాలు పుటుక్కుమంటుంది. ఎండ టార్పాలిన్ కిందికి జరిగింది. పిట్ట నోరు తెరిచి రొప్పడం మొదలుపెట్టింది.

"గొడుగు ఇట్ట వంచబ్బా చెంగయ్యా," అన్నారు ప్రభుదాసు గారు.

చెంగయ్య గొడుగు వంచి, తన ఒంటితో మిగతా ఎండకు అడ్డం నిలబడ్డాడు. మునిలక్ష్మి లాగింది. నేను కదల్లేదు. ఇంకొంచెం లాగింది. ఒక దారం తెగింది. ఆ ఊపుకు కాలు పక్కకు వంగింది. ఎవరో అబ్బా అన్నారు. నేను విరుగుతుందనే అనుకున్నాను.

"ఆపు," అన్నారాయన. పిట్ట కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇంక ఎక్కువసేపు ఉంచితే కాలు సంగతి తర్వాత, ప్రాణమే పోతుంది. అందరూ ఆయన వైపే చూశారు. ఆయన మాత్రం నన్నే చూస్తున్నారు. "ఎదురుగా లాగితే రాదు. ముందు పైకొసని పక్కకి జరుపు, లోపలిది బయటపడతాది. అప్పుడు లాగు."

"మీ చెయ్యి సార్..." అంది ఆమె, పిట్ట కదులుతుందేమోనని.

"పిట్టని పట్టుకునేదానికి ఈ చెయ్యి బాగానే ఉండాది. నువ్వు కానీ."

నిజమే. ప్లయర్ పట్టినప్పుడు వణికిన చేయి, పిట్టను పట్టుకుని రాయిలా ఉంది. మునిలక్ష్మి కొత్త దారం దూర్చి, నా పైకొసను గోటి మందం పక్కకు తోసింది. నా ఒళ్ళు మెలిపడింది. లోపలి కొస చర్మాన్ని వదిలింది. అప్పుడు రెండు వైపులా లాగింది. నేను టక్కున విచ్చుకుని ఇసుకలో పడ్డాను.

కాలి మీద సన్నటి ఎర్రగీత. ఎముక బాగుంది. చెంగయ్య దోసెడు నీళ్ళు తెచ్చి నీడలో ఇసుక తడిపాడు. పిట్టను దాని మీద దించితే కాసేపు ముడుచుకుని కూర్చుంది. తర్వాత ఒక కాలు మోపింది. రెండోది మోపింది. రెండడుగులు నడిచింది.

మునిలక్ష్మి తీగ నుంచి ఇంకో కడియం తీయబోతే ప్రభుదాసు గారు వద్దన్నారు. "దానికి ఈ పూటకి చాలు. ఉత్తకాళ్ళతో పోనీ."

పిట్ట బురద మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరి, మిగతా గుంపులో కలిసిపోయింది. ఆఫీసరు గారు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి చూస్తూ అడిగారు. "మరి ఇది అక్కడికి చేరిందో లేదో ఎలా తెలుస్తుందండీ?"

"తెలీదు సార్. మనకి తెలిసే దోవ లేదు," అన్నారాయన. "పొయ్యేదానికైతే రెండు కాళ్ళుండాయి."

చెడిన కడియాన్ని పారేయకూడదు. నా సంఖ్యను రద్దు చేశారు. కొత్తగా పని నేర్చుకునేవాళ్ళకు కొసలు ఎక్కిన కడియం ఎలా ఉంటుందో చూపించడానికి మునిలక్ష్మి నన్ను పనిముట్ల పెట్టెలో వేసుకుంది. ఇప్పుడు నేను పాఠాన్ని. ఎందరివో గోళ్ళు నా మీద నడుస్తాయి, అందరికీ తగులుతాను. ప్రయాణం కలిసిరాని నాకు ఉపాధ్యాయ వృత్తి దక్కింది.

చలికాలంలో మళ్ళీ సరస్సుకు వెళ్ళాం. ఉల్లంకులు తిరిగి వచ్చాయి. బురద కనపడనంతగా గుంపులు గుంపులుగా మేస్తున్నాయి. ఒడ్డున ఎవరో టెలిస్కోపు పెట్టుకుని వంగి ఉన్నారు. ప్రభుదాసు గారే. ఎవరూ పిలవలేదు, శాలువా లేదు. పొద్దున్నించీ అలాగే ఉన్నారట. టెలిస్కోపును పిట్ట నుంచి పిట్టకు జరుపుతూ, ప్రతిదాని కాళ్ళే చూస్తున్నారు.

పడవ తోసుకుంటూ వచ్చిన చెంగయ్య పక్కన నిలబడి అడిగాడు. "ఏ పిట్ట కోసం ఎతుకుతుండారు సార్?"

ఆయన కన్ను ఎత్తకుండానే చెప్పారు. "కడియం లేనిదాని కోసం."

చెంగయ్య సరస్సు వైపు చూశాడు. అక్కడున్న వేల పిట్టల్లో ఏ ఒకటో రెండో తప్ప దేనికీ కడియం ఉండదు. అతను పడవలోంచి స్టూలు తెచ్చి ఆయన వెనక వేశాడు.