అక్కకు వెళ్లిన పెన్షన్

జనార్దనరావు కాకినాడలో ఒక ఎరువుల కంపెనీలో ఇంజనీరుగా చేసి, యాభై దాటాక భార్య కుసుమ నర్సు ఉద్యోగం వెంట ఆస్ట్రేలియాలోని టూవూంబా వచ్చాడు. కంపెనీ పెన్షన్ కాకినాడ బ్యాంకులోనే పడేది. భర్త వదిలేసిన అక్క శేషుకుమారి దానితోనే బతికేది. కుసుమకు మాత్రం పెన్షన్ ఆగిపోయిందని చెప్పాడు. అక్క ఖర్చంతా తన మీద వేసుకున్నాడంటే ఆమె ఏమంటుందోనని భయం. ఆ తర్వాత నిజం చెబుదామని ఏటా అనుకుని, ఏటా ఊరుకున్నాడు. ఇక్కడి టాక్స్ రిటర్నులోనూ దాని ఊసెత్తలేదు.

ఈమధ్య టాక్స్ ఆఫీసువాళ్లు, ఇండియాలో మీకు ఆదాయం ఉన్నట్టు తెలిసింది, వివరాలు చెప్పమన్నారు. అతనికి కంటి ఆపరేషనై కారు నడపలేకపోవడంతో, రిటర్నులు చూసే బాలమురళి దగ్గరికి కుసుమే తీసుకెళ్లింది. ఏదో పొరపాటై ఉంటుందని దారంతా ఆమే ధైర్యం చెప్పింది.

బాలమురళి కాగితాలు తిరగేసి, పోయినేడు బ్యాంకువాళ్లు అడిగితే ఇక్కడి అడ్రస్, టాక్స్ నంబరు ఇచ్చారా అని అడిగాడు. జనార్దనరావు ఇచ్చానన్నాడు.

"అంతే అంకుల్. ఫారిన్‌లో ఉండేవాళ్ల అకౌంట్లు ఇండియాలోని బ్యాంకులు రిపోర్ట్ చేస్తాయి. ఆ డేటా ఇక్కడికొస్తుంది. మీ రిటర్న్‌తో మ్యాచ్ చేసి చూస్తారు. ఎవరూ కంప్లైంట్ ఇవ్వక్కర్లేదు."

"పెన్షన్ ఎప్పుడో ఆగిపోయింది కదా బాబూ," అంది కుసుమ.

బాలమురళి బ్యాంకు స్టేట్‌మెంట్ మళ్లీ చూశాడు. "లేదాంటీ. పోయిన నెల కూడా పడింది."

ఇంటి ముందు కారాపి కూడా ఆమె దిగలేదు. జనార్దనరావే నెమ్మదిగా అక్క సంగతంతా చెప్పాడు.

"వదినగారికి ఇస్తే నేనెప్పుడైనా వద్దన్నానా?" అంది కుసుమ. గొంతు పెంచలేదు. "పెన్షన్ లేదంటేనే కదండీ శనాదివారాలు కూడా డ్యూటీలు చేశాను. నడుం పట్టేసినా పోయాను. సాయంత్రం మీరే కాళ్లు పట్టేవారు. అప్పుడైనా చెప్పాలనిపించలేదా?"

చాలాసార్లు అనిపించింది.

పాత రిటర్నులు సరిచేయించారు. టాక్సూ వడ్డీ కట్టేసరికి, కుసుమ ఉద్యోగం మానేశాక ఇద్దరూ నాలుగూళ్లు తిరిగొద్దామని దాచుకున్న డబ్బు అయిపోయింది. సంగతి తెలిసి శేషుకుమారి ఇక పంపొద్దని ఏడ్చింది. కుసుమే ఆమెకు సర్దిచెప్పి, ప్రతినెలా తన అకౌంటు నుంచి పంపడం మొదలుపెట్టింది.

ఇప్పుడు వదినామరదళ్లు తరచూ ఫోన్లో చాలాసేపు మాట్లాడుకుంటారు. జనార్దనరావు పక్క గదిలో కూర్చుని వింటాడు. అతనికి కుసుమ వేళకు భోజనం పెడుతుంది, కంట్లో చుక్కలు వేస్తుంది, హాస్పిటల్‌కి తీసుకెళ్తుంది. ఏదైనా అడిగితే జవాబు చెబుతుంది. తనంతట తాను మాత్రం ఏమీ చెప్పడం మానేసింది.