కౌసల్యకు వచ్చిన గుండెజబ్బు

బట్టల షాపు రచన అన్నదట: “మీ పురుగు మందుల దుకాణం సేటమ్మకు గుండె ఖరాబైందట. నాలుగు మెట్లెక్కితే దమ్మొస్తదట. గందుకే ఆ మంచు దేశం పోతలేదు పాపం. మొగడు తమ్ముణ్ణి ఎంబడి పెట్టుకొని పోతుండు. ఆమె ఉంటదో పోతదో.”

ఆ మాటను తొర్రూరు మెయిన్‌రోడ్డు మీద నాలుగు దుకాణాల దూరం మోసుకొచ్చి కౌసల్య ముందు దించింది తండా నుంచి వచ్చిన మిర్చి రైతు కమ్లీ. మిరప పూత చుట్టి తెచ్చిన కవరును కౌంటరు మీద పెట్టి, రోగిని చూసినట్టు ఆమె మొహంలోకి చూసింది.

“నిజమేనా సేటమ్మా? దవాఖానల ఏమన్నరు?”

కౌసల్య చేతులకు ఇంకా వేయించిన నువ్వుల వాసన ఉంది. దుకాణం వెనకే ఇల్లు. పొద్దుటి నుంచి రెండు కిలోల నువ్వులు, మూడు కిలోల పల్లీలు వేయించింది. పొడులు కొట్టాలి. సకినాలకు బియ్యం నానుతున్నాయి. ఇదంతా మంచు దేశం పోయే వాళ్ళకు. అక్కడ శాకాహారం దొరకదని, కౌసల్య వదినె చేతి పులిహోర పులుసు ఉంటే ఐదు రోజులు ఇట్టే గడుస్తాయని ఆ పోయే డీలర్లందరూ కలిసి తీర్మానం చేశారు. ఆ తీర్మానం చేసినప్పుడు వదినె లోపల చాయ్ కాస్తున్నది.

ఆమె జవాబు చెప్పకుండా భూతద్దం తీసి పూవు విప్పి చూసింది. రేకుల మధ్య నల్లని గీతల్లాంటివి కదులుతున్నాయి.

“నల్ల తామర పురుగు. పూతల దూరింది. ముందుగాల నీలి రంగు జిగురు అట్టలు కట్టుండ్రి. నీ మొగడు భద్రు మొన్న కొట్టిన మందే మల్ల కొట్టకుండ్రి, దానికి అలవాటు పడ్డది.” ఆ తర్వాత తల ఎత్తింది. “నాకే రోగం లేదు కమ్లీ. రచనకు ఎవరు చెప్పిండ్రు?”

“మీ సేటే చెప్పిండట. మరిదికి మంకీ టోపీ కొనుక్కుంట.”

కౌసల్య వేరే మందు డబ్బా తీసి కౌంటరు మీద పెట్టింది.

“రోగం ఎవరి గుండెకొచ్చిందో మరి,” అని కమ్లీ మందు డబ్బా కొంగులో చుట్టుకుని బస్సుకు పోయింది.

దుకాణం బోర్డు మీద పెద్ద అక్షరాలతో ‘రాజేశం ఫెర్టిలైజర్స్’ అని ఉంటుంది. లోపల, అగరుబత్తుల పొగకు పసుపు పట్టిన చట్రంలో లైసెన్సు ఉంటుంది. దాని మీద ఉన్న ఫొటో కౌసల్యది. పురుగుమందులు అమ్మాలంటే సైన్సు డిగ్రీ ఉన్నవాళ్ళు ఉండాలని రూలు వచ్చిన ఏడాది, ఇంటరు రెండుసార్లు తప్పిన రాజేశం ఇల్లంతా తిరగేసి, పెండ్లినాటి ఇనుప పెట్టె అడుగున చీరల కింద ఆమె సర్టిఫికెట్ పట్టుకున్నాడు. జనగామ డిగ్రీ కాలేజీ, బీఎస్సీ, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం. తరిగొప్పుల నుంచి మూడేండ్లు బస్సులో నిలబడి పోయి తెచ్చుకున్న కాగితం. పెండ్లిచూపుల్లో దాన్ని చూసి అత్తమ్మ, “గింత సదువు మాకెందుకు, రొట్టె గుండ్రంగ చేస్తదా?” అని అడిగింది. అదే అత్తమ్మ ఆ రోజు ఆ కాగితానికి పసుపు కుంకుమ పెట్టింది. మనిషికి పెట్టినట్టే పెట్టింది, కాకపోతే కాగితానికి పెట్టింది.

అప్పటి నుంచి ఒక రివాజు నడుస్తున్నది. వ్యవసాయాఫీసరు తనిఖీకి వస్తున్నాడని ఫోను రాగానే రాజేశం వంటింటి గుమ్మంలోకి వచ్చి, “లే, లే, చీర మార్చుకో,” అంటాడు. ఆమెను తెచ్చి గల్లాపెట్టె వెనక తన కుర్చీలో కూర్చోబెడతాడు. తాను పక్కన చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆఫీసరు జీపు మలుపు తిరిగే దాకా ఆ కుర్చీ ఆమెది. తిరగ్గానే, “ఇగ లే, స్టవ్ మీద ఏమన్న పెట్టినవా?” అని అడుగుతాడు. మిగతా దినాలు ఆమె కౌంటరు ఇవతల బస్తా మీద కూర్చుని రైతుల ఆకులు, పూలు, పురుగులు చూసి మందు చెబుతుంది. కుర్చీలో ఆయన ఫోను చూసుకుంటాడు. మరిపెడ అవతల తండాల నుంచి కూడా మనుషులు వచ్చి, “సేటమ్మ ఉన్నదా?” అని గుమ్మంలోనే అడిగి, లేదంటే మళ్ళీ వస్తామని పోతారు.

ఇంకో రివాజు కూడా ఉంది. సంతకం కావలసిన కాగితాల మీద ఆయన పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెడతాడు. కౌసల్య పిండి చేయి కడుక్కుని వచ్చి, గుర్తు ఉన్న చోటల్లా సంతకం చేసి మళ్ళీ పిండిలో చేయి పెడుతుంది. ఏం కాగితమని ఆమె ఎన్నడూ అడగలేదు. అడిగే పని లేదని ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఆ అవసరమే రాలేదు.

అక్టోబరులో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎక్కువ సరుకు అమ్మిన దుకాణాలను నార్వే దేశం పైకొసన ఉన్న ట్రోమ్సో అనే ఊరికి తీసుకుపోతున్నారు. డిసెంబరులో ఐదు రోజులు. లైసెన్సుదారుతో పాటు ఒకరు. ఆ వరసలో శ్రీమతి కౌసల్య అని అచ్చయి ఉంది. రాజేశం ఆ ఉత్తరం ఆమె ముందు పెట్టి, “గీ ఊరేందో ఏం కొనాలెనో జర సూడు. గ్రూపుల అందరు నన్నే అడుగుతున్నరు,” అన్నాడు.

ఆమె చూసింది. మధ్యాహ్నం రైతులు రాని వేళల్లో ఫోనులో చదివి, పాత నోటుపుస్తకంలో రాసింది. ఆ ఊళ్ళో డిసెంబరంతా సూర్యుడు పొడవడు. పగటిపూట కాసేపు నీలపు వెలుగు వచ్చి పోతుంది. అంత పైన ఉన్నా వెచ్చని సముద్రపు పాయ ఒకటి ఒడ్డు రాసుకుని పోవడం వల్ల మనిషి బతకలేనంత చలి ఉండదు. ఒంటికి ఆనుకుని ఉన్ని, దాని మీద స్వెట్టరు, పైన గాలి దూరని కోటు. నూలు బనీను వేస్తే చెమట పట్టి చలి పెరుగుతుంది. మంచు గడ్డకట్టిన రోడ్ల మీద బూట్ల కింద ముండ్ల పట్టీలు తగిలించుకోవాలి. హనుమకొండలో టిబెట్ వాళ్ళు పెట్టే స్వెట్టర్ల దుకాణాల్లో ఏం దొరుకుతుందో, ఏం దొరకదో వేరుగా రాసింది. రాజేశం ఆ పేజీలను ఫొటో తీసి డీలర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. “రాజేశమన్న దిమాగే దిమాగు,” అని భూపాలపల్లి డీలరు రాశాడు. ఈయన చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

ఎవరికీ పంపని పేజీ ఒకటుంది. అందులో రెయిన్‌డీర్ అనే అక్కడి మంచు దుప్పుల గురించి రాసుకుంది. చలికాలం చీకట్లో వాటి కండ్లు బంగారు రంగు పోయి నీలంగా మారతాయి. గిట్టలతో మంచు తవ్వి అడుగున లైకెన్ తింటాయి. బీఎస్సీ రెండో ఏడాది రికార్డులో ఆ లైకెన్ బొమ్మను ఆమె మూడుసార్లు గీసింది. కొమ్మలు కొమ్మలుగా చీలే చిన్న తెల్లని చెట్టులాంటిది. మేడం ఎర్ర సిరాతో ‘చక్కగా ఉంది’ అని రాసింది. ఇరవై ఆరేండ్ల తర్వాత, ఒక్కసారి వంగి మంచు తీసి దాన్ని వేలితో ముట్టుకోవాలని ఆమెకు కోరిక పుట్టింది. నగలు కాదు, చీరలు కాదు. ఇంతటి చిన్న కోరిక ఎవరికి అడ్డం వస్తుందని అనుకుంది.

కమ్లీ పోయాక ఆమె లేచి గల్లాపెట్టె కింది సొరుగు లాగింది. వీసా కాగితాల ఫైలు. వచ్చే గురువారం హైదరాబాదు పోయి వేలిముద్రలు ఇవ్వాలి. పై నుంచి ఒక్కొక్కటి తిప్పింది. అడుగున ఆ ఉత్తరం ఉంది. ‘నాకు గుండె సంబంధిత వ్యాధి ఉన్నందున ప్రయాణం చేయలేను. నా స్థానంలో నా భర్త రాజేశం గారిని, వారి వెంట నా మరిది యుగేందర్‌ను అనుమతించగలరు.’ దానికి గుచ్చి ఎవరో డాక్టరు రాసిన చీటీ. కింద పెన్సిలు గుర్తు. గుర్తు పక్కన ఖాళీ.

తన జబ్బును ఆమె రెండుసార్లు చదివింది. దానికి పేరు కూడా ఉంది. ఏ మనిషీ తన గుండె మీద చేయి పెట్టి చూడలేదు, నాడి పట్టలేదు. ఊళ్ళో బట్టల షాపు దాకా తెలిసింది. సంతకం ఒక్కటే మిగిలింది. అది కూడా పిండి చేతుల మధ్య ఎప్పుడో జరిగిపోయేదే. ఆ తలపుతో ఆమె చెవుల దాకా వేడెక్కింది. అబద్ధం చెప్పినందుకు కాదు. తనను అడగవలసిన పని కూడా లేదనుకున్నందుకు.

అన్నానికి వచ్చిన రాజేశం ముందు కంచంతో పాటు ఆ కాగితం పెట్టింది. ఆయన కాగితాన్ని పక్కకు జరిపి పప్పు కలుపుకున్నాడు.

“కాలు నొప్పంటే కంపెనీ ఒప్పుకోదు. గుండె అంటే ఎదురడుగరు. కాయిదం మీద రాస్తే నిజంగ వస్తదా ఏంది?”

“నన్ను అడుగొచ్చు గదా.”

“అడిగేదేముంది. మిర్చి సీజను. నువ్వు పోతే దుకాణం ఎట్ల నడుస్తది? నాకు పురుగు పేర్లు ఎరుకనా, మందు కొలతలు ఎరుకనా?”

“మీరు పోతే?”

“నేను పోతే ఏమైతది, నువ్వుంటవు గదా.”

ఆయన అన్న మాట ఆయన చెవికి చేరలేదు. ఇంకా వివరంగా చెబుతున్నాడు. అందరూ మగవాళ్ళే పోతున్నారట. ఆడమనిషి ఉంటే నవ్వుకునేందుకు, ఒక గ్లాసు తీసుకునేందుకు కుదరదట. యుగేందర్‌కు ఎట్లయినా చూపిస్తానని మాటిచ్చాడట. గోడవతల మంచం మీద నుంచి అత్తమ్మ అందుకుంది: “ఆడ సూర్యుడే పొడవడంట గద బిడ్డా. ఈడ పొద్దుగూకితే వాకిలి దాటని దానివి, ఆడ నీకేం పని?”

పొద్దు గూకాక వాకిలి ఎందుకు దాటలేదో అత్తమ్మకు తెలుసు. ఏడింటికి ఆమెకు రొట్టె, ఎనిమిదింటికి మాత్ర. కౌసల్య ఆ కాగితం తీసి తన నోటుపుస్తకంలో పెట్టుకుంది. జవాబు చెబితే ఇక్కడ ఈ వంటింట్లో, ఈ ముగ్గురి మధ్య, పప్పుగిన్నె చల్లారేలోగా ముగిసిపోతుంది. ఊళ్ళో చెప్పిన జబ్బుకు ఊళ్ళోనే జవాబు చెప్పాలి.

ఆదివారం డీలర్లు కలిసే దాకా ఉన్న మూడు రోజులూ ఆమె పొడులు కొట్టలేదు. వేయించిన నువ్వులు పళ్ళెంలోనే ఉన్నాయి. నానిన బియ్యాన్ని రుబ్బి అట్లు పోసేసింది. వచ్చిన ప్రతి రైతు చేతిలో ఒక చీటీ పెట్టింది. డిసెంబరు రెండో వారంలో పైరు ఏ దశలో ఉంటుంది, ఏ పురుగు కనిపిస్తే ఏం చేయాలి, ఏం కొట్టకూడదు, ట్యాంకుకు మందు ఎన్ని మూతలు. చదువు రాని వాళ్ళకు మూతల బొమ్మలు గీసింది. కమ్లీ చీటీ చూసి, “దుకాణం బందు పెడుతున్నరా?” అని అడిగింది. “ఐదు రోజులు,” అంది కౌసల్య.

ఆదివారం మధ్యాహ్నం దుకాణం షట్టరు సగం దించి డీలర్లు కూర్చున్నారు. బస్తాల మీద, స్టూళ్ళ మీద మరిపెడ, జనగామ, భూపాలపల్లి మనుషులు. కంపెనీ అధికారి కార్తీక్ కాగితాలు సరిచూస్తున్నాడు. యుగేందర్ మంకీ టోపీ పెట్టుకుని అందరినీ నవ్విస్తున్నాడు. కుర్చీలో రాజేశం.

“వదినే, చాయ్‌తోటి ఆ సకినాలు కూడ జర రుచి సూపియ్యి,” అన్నాడు మరిపెడ డీలరు.

కౌసల్య ఖాళీ చేతులతో వచ్చింది. చీర మార్చుకుంది. తనిఖీల రోజు కట్టే గంజి చీర. ఆ చీర చూడగానే అలవాటు కొద్దీ రాజేశం సగం లేచాడు. ఆఫీసరెవరూ రాలేదని తెలిసేలోగా ఆమె కుర్చీలో కూర్చుంది.

కార్తీక్ గాభరాపడి నిలబడ్డాడు. “మేడం, మీరెందుకు లేసి వచ్చిండ్రు? ఆరోగ్యం ఎట్లుంది?”

“మంచిగుంది. ఎన్నడు పాడుకాలేదు.” చేతిలోని ఉత్తరాన్ని అతని ముందు పెట్టింది. “ఇది నేను రాసింది కాదు. దీని మీద నా సంతకం లేదు, ఉండదు. వేలిముద్రలకు గురువారం ఎన్ని గంటలకు రావాలె?”

కార్తీక్ ఉత్తరం వంక, రాజేశం వంక చూసి, “పదకొండుకు, మేడం,” అన్నాడు.

“వస్త. తిండి సంగతి ఎవరిది వాళ్ళు సూసుకోండ్రి. అన్నం కుక్కరు కొనుడు ఎట్లనో ఏడో పేజీల రాసిన. రాజేశమన్న దిమాగు అని మీరు మెచ్చుకున్న పేజీలే.”

భూపాలపల్లి డీలరు ఫోనులోకి తల వంచాడు. యుగేందర్ మెల్లగా టోపీ తీసి, “మరి నేను, వదినే?” అన్నాడు.

“నీ పేరు ఏ కాయిదంల లేదు నాయినా.”

రాజేశం మొహం ఎర్రబడింది. నలుగురిలో గొంతు పెంచలేక పండ్లు కొరికి, “దుకాణం?” అన్నాడు.

“బందు. నేను లేకుంటే నడువదని మీరే చెప్పిండ్రు.”

“ఏందే ఇది, నలుగురి ముందట. ఇంతమంది మగోళ్ళల్ల పెండ్లాం ఎంబడి నేనేమని పోవాలె?”

కౌసల్య సొరుగు లాగి, పెన్సిలు తీసి, కంపెనీ కాగితంలో ‘వెంట వచ్చేవారు’ అని ఉన్న చోట చిన్న ఇంటూ గుర్తు పెట్టి ఆయన వైపు జరిపింది.

“రాజేశం పెండ్లామని ఇరవై నాలుగేండ్లు తిరిగిన. ఐదు రోజులు కౌసల్య మొగడని తిరుగుండ్రి.”